వెలుతురు తగ్గించి

వార్డులో లైట్లు తీసేసినాక
దుప్పటి ముసుగేసుకుని
ఫోన్ వెలుతురు అడుక్కి దించి
మొదటి మాటే తప్పు రాశాను.
లింఫోమాలో సున్నా ఎక్కడ పెట్టాలో
పాలిటెక్నిక్ రెండో సంవత్సరం దాకా ఎవరూ చెప్పలేదు.
తప్పు రాసినా దానికి అర్థమైంది.
నాకంటే ముందు
ఇట్లాగే తప్పు రాసినోళ్ళు ఎంతమందో.

తెలుగులో అడిగితే
బొప్పాయాకు రసం అంది, గోధుమగడ్డి అంది.
నలభై రోజుల్లో గడ్డ కరుగుతుందని
గంధం బొట్టు పెట్టుకున్న ఒకాయన
నవ్వుతూ నంబరిచ్చాడు.
ఇంగ్లీషులో అడిగితే
శాతాలు చెప్పింది.
వందలో ఎనభై చిల్లర.
నేను ఎనభైలో ఉన్నానా, చిల్లరలోనా,
ఆ మిగిలినదాంట్లోనా
అది చెప్పలేదు.
పుత్తూరు బస్సులో చిల్లర లేకపోతే
కండక్టరు టికెట్టు వెనక రాసిస్తాడు,
దిగేటప్పుడు అడిగి తీసుకోవచ్చు.
ఇక్కడ ఎవర్ని అడగాలి?

మూడోసారి మందెక్కించాక జుట్టు పోయింది.
దాని గురించి మాత్రం వెతకలేదు.
తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు.
బస్టాండుకి పోయే ఆటోలో
పక్కన కూర్చున్నామె
'దర్శనం బాగా జరిగిందా అమ్మీ?' అంది.
బాగా జరిగిందన్నాను.
'ఎన్ని గంటలు పట్టింది?'
'ఆరు.'
అది సీసాలు ఎక్కిన లెక్క.
అబద్ధమైతే కాదు.
కనుబొమ్మలు కూడా ఇచ్చేసినావా అని
ఆమె అడగలేదు,
చూసింది మాత్రం.

పగలు మందెక్కించే గదిలో
పక్క కుర్చీ ఇర్ఫాన్‌ది. పీలేరు.
పదిహేడేళ్ళు, మోకాలి ఎముక.
నాకంటే రెండు నెలలు ముందొచ్చాడు కాబట్టి
సీనియర్ లెక్కనే మాట్లాడతాడు.
'రాత్రి పది దాటినాక దాన్నేం అడగొద్దక్కా.
పగలడిగితే ఏం తినాలో చెప్తాది,
రాత్రడిగితే ఎన్నాళ్ళుంటావో చెప్తాది.'
నోట్లో పుండ్లకి
ఉప్పునీళ్ళు పుక్కిలించమని
వాయిస్ పంపింది వాడే.
వెనకాల వాళ్ళమ్మ ఉర్దూలో ఎవరినో తిడుతోంది,
కుక్కర్ ఈల వేసింది.
ఆ ఈలతో సహా నాలుగుసార్లు విన్నాను.

ఒక ప్రశ్న మాత్రం
డాక్టరు సారుని అడగలేకపోయాను.
అమ్మ పక్కనే ఉంటుంది,
ఫైలు గుండెకి ఆనించుకుని
నా బదులు అన్నిటికీ తలూపుతూ.
నెలనెలా రావాల్సింది ఆగిపోయింది సార్,
మళ్ళీ వస్తుందా,
రేపెప్పుడైనా నాకు...
ఫోన్లో కూడా ఆ మాట పూర్తిచేయలేదు.
నాలుగక్షరాలకే
మిగతాది అదే రాసి చూపించింది.
సిగ్గేసింది. ఏడుపొచ్చింది.
తర్వాత చదివాను.
తెల్లారేలోపు హిస్టరీ మొత్తం చెరిపేశాను,
ఉండేది ఒకటే ఫోను,
పొద్దున అమ్మకి కావాలి.

నిన్న రాత్రి చెరపబోతే
నావి కానివి కనిపించాయి.
అమ్మకి రాయడం రాదు.
మైకు గుర్తు నొక్కి అడిగినట్టుంది.
అది విన్నది విన్నట్టు రాసిపెట్టుకుంది:

'పాపకి రాగిసంగటి పెట్టొచ్చా'

'ఏమో ఎక్కించినాక వాంతులు నిలబడాలంటే ఏం చేయాల'

'పాప రాత్రిళ్ళు నిద్రపోకుండా ఫోన్ చూస్తాంది ఏం చేయాల'

కీమో అంటే
దానికి ఏమో అని వినిపించింది.
అమ్మ దిద్దలేదు, దిద్దడం తెలీక.
నేనూ దిద్దలేదు.
ఏమో ఎక్కించినాక.
దుప్పట్లోనే నవ్వొచ్చి
కింద చాప మీద పడుకున్నామె
లేచి మంచినీళ్ళు కావాలా అంది.

గురువారం మళ్ళీ పోవాలి.
ఈసారి చీటీ మీద రాసుకున్నాను,
సార్‌కి చదవడం వస్తుంది కదా,
నోటితో అనక్కర్లేదు.
అమ్మని కాసేపు బయట కూర్చోమనాలా,
పక్కనే ఉండమనాలా,
అది ఇంకా తేలలేదు.